పాట వినిపించని సాయంత్రం

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ పని ముగించుకుని వస్తున్న మగ్దలీన సందు మొదట్లోనే ఆగిపోయింది. ఇంట్లోంచి పాట వినిపించడం లేదు.

ఆమె భర్త వరప్రసాదు సారా మానేసినప్పటి నుంచి రోజూ దీపాలు పెట్టే వేళకు గొంతెత్తి యేసు పాటలు పాడుతున్నాడు. శ్రుతీ ఉండదు, తాళమూ ఉండదు. "ఆ యాల్టికే మనసు సారా దుకాణం కేసి లాగుతాది. బలం ప్రబువిత్తాడు, నోరు మాత్రం నానే తెరవాల" అని పాస్టరుగారితో చెప్పాడు. పాట మొదలవగానే సందులో వాళ్లు తలుపులు మూసుకునేవారు.

ఇవాళ అందరూ గుమ్మాల్లోనే నిలబడి ఉన్నారు.

"ఏటత్తా, మావ గొంతు ఇనపడనేదు?" పక్కింటి కోడలు భయంగా అడిగింది.

మగ్దలీన ఒక్క పరుగున ఇంట్లోకి వెళ్లింది.

వరప్రసాదు పొయ్యి దగ్గర చేపల పులుసు కాస్తున్నాడు. "ఓలే, ఉప్పు సరిపోనాదేటో సూడు."

"పాటేదయ్యా?"

అతను గుమ్మం బయటికి చూశాడు. బాగా చీకటి పడిపోయింది. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"పొద్దుపోనాదా! ఈయేల నాకు సారా మాటే గేపకం రానేదే!"

మగ్దలీన అక్కడే చతికిలబడి నవ్వుతూ ఏడ్చేసింది.

వెనకాలే వచ్చిన పక్కింటి కోడలు ఊపిరి పీల్చుకుంది. "అయితే ఇంక పాడవేటి మావా?"

"పాడకేటి!" వరప్రసాదు కళ్లు తుడుచుకున్నాడు. "ఇన్నాళ్లూ నా కోసమే పాడుకున్నాను. ఈయేల ప్రబువు కోసం పాడతాను."