మందాతాయి కొట్టు ముందు నల్లబల్ల

మందాతాయి రొట్టెల కొట్టు నెలాఖరుకి మూతపడుతుందని మా పేటంతా అనుకున్నారు. ఆవిడ చేసిన తప్పల్లా వచ్చినవాళ్లని నవ్వుతూ పలకరించడం. పుణేలో నవ్వే కొట్టుని ఎవడు నమ్ముతాడు? సరుకులో ఏదో లోపం ఉందనుకుంటాడు.

సోమవారం ఆవిడ లోపల థాలీపీఠ్ రొట్టెలకి పిండి కలుపుతుంటే చేతి దురద ఆగక, గుమ్మం పక్క నల్లబల్ల మీద ఇలా రాసి చక్కా పోయాను: "ఉన్నది తినండి. సలహాలు మీ ఇంట్లో ఇచ్చుకోండి. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా నిద్రపోతాం. తలుపు కొట్టినవాళ్లకి మర్నాడు కూడా రొట్టె లేదు."

బుధవారానికి కొట్టు ముందు వరస వీధి మలుపు దాటింది. "ఇన్నాళ్లకి ఓ పద్ధతైన కొట్టు!" అని పెన్షన్ ముసలాళ్లు మెచ్చుకుంటున్నారు.

నేను వరస తోసుకుని ముందుకెళ్లాను. "తాయీ, నీ కొట్టు నిలబెట్టిందెవరో తెలుసా? ఓ ప్లేటు ఊరికే పెట్టు."

"వరసలోకి పోరా, వసంత్యా."

"అది రాసింది నేనే!"

"తెలుసు. బల్ల శుభ్రంగా తుడిచి, సుద్దముక్క పక్కనే పెట్టి నేను లోపలికెళ్లింది ఎందుకనుకున్నావు? నోరు తెరిచి అడిగితే నువ్వు మర్యాదగా రాసేవాడివి."