అర మార్కు

ప్రూఫులు దిద్దే పని కోసం వచ్చిన పెద్దాయన దరఖాస్తు కింద సంతకం చూసి, వ్యాకరణ పుస్తకాల ఎడిటరు ఉలిక్కిపడింది.

తోక మెలిక తిరిగిన ఆ సంతకం ఆమెకు కంఠతా వచ్చు.

ఇరవై ఏళ్ల క్రితం టీచరు పరీక్షలో ఆమె అర మార్కుతో తప్పింది. అడిగి తెప్పించుకున్న జవాబు పత్రం అట్ట మీద ఇదే సంతకం. లోపల ‘టూ థర్డ్’ అని రాసినచోట ఏదో కొట్టేసి చుట్టిన ఎర్ర సున్నా.

‘ఎస్’ అనే ఒక్క అక్షరం లేదని!

ఆ ఏడాదితో పరీక్ష రాసే వయసు దాటిపోయింది. పిల్లలకు పాఠం చెప్పాలన్న కోరిక అక్కడే ఆగిపోయింది.

‘దొరికాడు’ అనుకుంది.

“కూర్చోండి. చిన్న పరీక్ష. మూడింట రెండు వంతులు. ఇంగ్లీషులో రాయండి.”

‘టూ థర్డ్స్’ అని రాశాడు.

“ఒకటిన్నర గంట?”

‘వన్ అండ్ ఎ హాఫ్ అవర్స్.’

“నేను గంట అన్నాను. మీరు గంటలు చేశారేం?”

పెద్దాయన నవ్వాడు. “మన భాషకు ఆ పట్టింపు లేదమ్మా. ఇంగ్లీషు మాత్రం ఒకటి మీద ఆవగింజంత మిగిలినా ఎస్ పెట్టందే ఊరుకోదు.”

ఆమె నవ్వలేదు. ఎర్ర పెన్ను మూత తీసింది.

“టూకీ థర్డ్స్‌కీ మధ్య అడ్డగీత ఏదీ?”

“లేకపోయినా తప్పు కాదమ్మా. రెండు రకాలుగానూ రాస్తారు.”

“ఇక్కడ తప్పే. అర మార్కు తక్కువైంది. వెళ్లిరండి.”

పెద్దాయన ఆమె ముఖంలోకి చూశాడు.

“అర మార్కు చిన్నదేం కాదులెండి,” అంటూ కళ్లజోడు మడిచి లేచాడు.

అయినా ఆమె కసి తీరలేదు. ఊళ్లో పుస్తకాలు వేసేవాళ్లు ఇంకో ముగ్గురే. ఇద్దరికి వెంటనే ఫోన్ చేసింది.

“ఆయనకు అక్షరాలు ఆనడం లేదండీ. పెట్టుకున్నారో, ఉన్న పేరు కాస్తా ఊడ్చుకుపోతుంది!”

మూడో ప్రచురణకర్త సాయంత్రానికి గానీ దొరకలేదు.

“ఆయనా? పొద్దున రెండుచోట్ల గుమ్మంలోనే లేదనిపించుకున్నాడట. బస్టాండులో మా గుమాస్తాకు కనిపించి, ఇక ఎవర్నీ అడగనని చెప్పి బస్సెక్కేశాడు. ఏ ఊరికో కూడా చెప్పలేదు. నా దగ్గరికి వచ్చుంటే కళ్లకద్దుకుని పెట్టుకునేవాణ్ణి.”

“మీకు... ఆయన తెలుసా?”

“తెలియకేం? అప్పట్లో నేనూ మాస్టర్నే. టీచరు పరీక్ష పేపర్లు ఇద్దరం ఒకే బల్ల మీద దిద్దాం.”

ఆమె ఫోన్ గట్టిగా పట్టుకుంది.

“ఎవరో అమ్మాయి ‘టూ థర్డ్’ అని రాస్తే, లెక్క తెలిసింది, ఎస్ ఒక్కటే మరిచిందని ఆయన అర మార్కు వేశాడు. పై అధికారి అది కొట్టేసి సున్నా చుడితే, ఆ పిల్ల అర మార్కు ఆ పిల్లకు ఇచ్చేదాకా కూర్చోనని లేచినవాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు గానీ మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదమ్మా.”