బక్కాయన వీపు

నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్న మనిషి ఎదురు చెప్పలేడు. అందుకే పళ్ల డాక్టరుకి ఆ కుర్చీ అంటే ప్రాణం.

“డబ్బు తీసుకుని పరుగెత్తేవాణ్ని, సరదాకి పరుగెత్తేవాణ్ని ఒకే గీత మీద నిలబెడితే దాన్ని ఆటంటారా? మీరే చెప్పండి,” అన్నాడు, పేషెంటు దవడ పన్నులో డ్రిల్లు తిప్పుతూ.

పేషెంటు “ఆ... ఆ...” అన్నాడు.

“చూశారా, మీరూ ఒప్పుకున్నారు.”

యాభై దాటిన ఔత్సాహికుల కోసం ఏటా జరిగే అంతర్జాతీయ మారథాన్ అది. ఈసారి నిర్వాహకులకి ఏం బుద్ధి పుట్టిందో ఏమో, ఒకప్పటి ప్రొఫెషనల్స్ కూడా పాల్గొనవచ్చని ప్రకటించారు. అప్పట్నుంచి డాక్టరు ఒంటికాలి మీద లేస్తున్నాడు. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్లు ఉపన్యాసం కూడా విని పోవలసి వస్తోంది.

ఆయన మంటకి కారణం ఉంది. ఒక్క పతకం, కాంస్యమైనా సరే, మెడలో పడేదాకా పరుగు మాననని భార్య దగ్గర ఒట్టు పెట్టుకున్నాడు. పడిన రోజున బూట్లు అటకెక్కించేస్తానని కూడా అదే నోటితో అన్నాడు. ఆ పతకం ఇన్నేళ్లుగా అందలేదు. ఈలోగా ఇంటి ఆదివారాలన్నీ పరుగులకే పోయాయి. చెమట బూట్లు వంటింటి కిటికీలో ఆరుతూనే ఉన్నాయి. చుట్టాల పెళ్లిళ్లకి భార్య ఒక్కతే వెళ్లి వస్తోంది.

ఆ భార్యే క్లినిక్కులో ముందు బల్ల దగ్గర కూర్చుని అపాయింట్‌మెంట్లు చూస్తుంది. ఓ సాయంత్రం చివరి పేషెంటు వెళ్లాక, ఊసుపోక అన్నట్టు కదిపింది.

“ఏవండీ, ఆ ప్రొఫెషనల్స్‌లో ఒకాయన వస్తున్నాడటగా. బక్కగా ఉంటాడట. ఆకుపచ్చ టోపీ పెడతాడట.”

“వస్తే రానీ.”

“మీ గురించి ఏదో కూశాడట. నాకెందుకులెండి.”

“ఏం కూశాడు?”

“ఆ పళ్లాయన నా వీపు చూస్తూ పరుగెత్తాల్సిందే, అదీ కాసేపే అన్నాడట.”

డాక్టరు చేతిలో పటకారు గాల్లోనే ఆగిపోయింది. “నీకెవరు చెప్పారు?”

“ఎవరో అనుకుంటుంటే విన్నాను. వదిలెయ్యండి. ఆయనకి అదే వృత్తి, మీకేమో కాలక్షేపం. పోటీ ఏమిటి?”

కాలక్షేపమన్న మాట డాక్టరుకి ఎక్కడో గట్టిగా గుచ్చుకుంది. మర్నాటి నుంచి తెల్లారకముందే రోడ్డెక్కాడు.

పోటీ రోజు గీత దగ్గర బక్కాయన కనిపించాడు. ఆకుపచ్చ టోపీ, అగ్గిపుల్లల్లాంటి కాళ్లు. డాక్టర్ని చూసి ఇకిలించాడు. పైవరసలో ముందు పన్ను లేదు.

‘పరుగు అమ్ముకునేవాడికి పన్ను కట్టించుకునే దిక్కు లేదు,’ అనుకుని డాక్టరు తృప్తిపడ్డాడు. అలవాటు కొద్దీ ఆ ఖాళీ ఎంత వెడల్పుందో కూడా చూసుకున్నాడు.

తుపాకీ పేలింది.

బక్కాయన వీపు ముందు, డాక్టరు వెనక. డాక్టరు దగ్గరపడితే వాడు కాస్త వేగం పెంచుతున్నాడు. డాక్టరు వెనకబడితే వాడూ నెమ్మదించి, తల తిప్పి, పన్ను లేని నవ్వొకటి పారేస్తున్నాడు. వెక్కిరింపు కాకపోతే మరేమిటి? ఎదురుగాలి కొట్టిన చోటల్లా సరిగ్గా డాక్టరుకి అడ్డంగా వచ్చాడు. నీళ్ల బల్ల దగ్గర గ్లాసు తీసుకుని వెనక్కి చాపాడు కూడా.

“నీ దయ నాకక్కర్లేదు!” అని అరిచి, డాక్టరు ఆ నీళ్లు తాగేశాడు.

తొడలు పట్టేశాయి. ఊపిరి ఈలలు వేసింది. ఇదివరకటి పోటీలన్నింట్లో ఆయన ఇక్కడికొచ్చేసరికి నడకలోకి దిగిపోయేవాడు. ఈసారి ఆ వీపు దిగనివ్వలేదు. దాన్ని నోరారా తిట్టుకుంటూ పరుగెత్తాడు. దారిలో ఎవరెవర్ని దాటాడో ఆయనకే తెలియదు.

గమ్యం కనిపించే మలుపులో బక్కాయన ఉన్నట్టుండి పిక్క పట్టుకుని పక్కకి తప్పుకున్నాడు. డాక్టరు దూసుకుపోయాడు.

మూడో స్థానం. కాంస్య పతకం.

మైకు ఎవరూ ఇవ్వకపోయినా ఆయనే లాక్కున్నాడు. “డబ్బు కోసం పరుగెత్తేవాడు చివరిదాకా రాడు. ఇష్టంతో పరుగెత్తేవాడు వస్తాడు. ఈ పతకం వెనక ఒక్క ప్రొఫెషనల్ సాయం లేదని గర్వంగా చెబుతున్నాను!”

జనం చప్పట్లు కొట్టారు. ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి. అక్కడికక్కడే బూట్లు విప్పి భార్య చేతిలో పెట్టాడు.

“మాటంటే మాటే. ఇక అటక మీదికే.”

“ఎంత బాగా పరుగెత్తారండీ!” అంది ఆవిడ. ఆవిడ కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

ఆయన ఫొటోల గొడవలో పడ్డాక, ఆవిడ ఆ బూట్లని రెండు వేళ్లతో పట్టుకుని డేరా వెనక్కి వెళ్లి, అక్కడ హాయిగా కాళ్లు చాపుకుని కూర్చున్న బక్కాయనతో, “ఒప్పుకున్న ప్రకారం మా ఆయన్ని ఇక్కడిదాకా లాక్కొచ్చారు కాబట్టి, సోమవారం క్లినిక్కుకి వచ్చెయ్యండి, మీ ముందు పన్ను ఊరికే కట్టిస్తాను, కానీ ఆయన పతకం గురించి ఏం చెప్పినా మీరు మాత్రం నోరు తెరుచుకునే ఉండండి,” అంది.