గేటు దగ్గర నా గొంతు

డేటా సెంటర్ కడుతున్నప్పుడు కూలీలు సేఫ్టీ బూట్లు విప్పి స్లాబుకి కొబ్బరికాయ కొడుతుంటే ఆపలేదని ఛైర్మన్ నన్ను సైట్ సూపరింటెండెంట్ పనిలోంచి పీకేశాడు. యంత్రాల్లోకి ఎక్కించిన నా గొంతు మాత్రం ఉంచేసుకున్నాడు. ఆ డేటా సెంటర్ కట్టిన యంత్రాలన్నీ, గేటుతో సహా, నా గొంతు మాటే వింటాయి, నా గొంతుతోనే తిడతాయి.

ఈరోజు అక్కడ ప్రారంభ పూజ. నేను ఇంట్లో బెండకాయలు తరుగుతుంటే ఛైర్మనే ఫోన్ చేశాడు.

“పైడిరాజుగారూ, పూజకని పట్టుపంచెతో, ఉత్తికాళ్లతో వచ్చాను. గేటు లోపలికి రానివ్వడం లేదు. ముహూర్తం దాటిపోతోంది. మీరొక్క మాట చెప్పండి, వదిలేస్తుంది.”

ఆయన వెనక నా గొంతే అరుస్తోంది: “బూట్లేవిరా? నడు బయటికి!”

నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

“కాసేపలాగే నిలబడండి బాబూ. మా ఆవిడ ఇంకా వినలేదు.”