నీడపట్టున పెరిగే మొక్క

ఎదురు ఫ్లాట్‌లో కొత్తగా దిగిన దేవేందర్ కన్ను తన ఫెర్న్ మొక్క మీద పడిందని రాజేశ్వరికి మూడో రోజే అర్థమైపోయింది.

తార్నాకలోని ఆ అపార్ట్‌మెంటు రెండో అంతస్తు వరండాలో, ఎండ పొడ తగలని మూలన ఉంటుంది ఆ మొక్క. వెడల్పాటి ఆకులు పక్షిగూడులా చుట్టూ విచ్చుకుని, కొసలు మాత్రం కోడిజుట్టులా చీలి ఉంటాయి. దానికి ఆమె చేసే సేవ ఇంతా అంతా కాదు. పొద్దున్నే ఆకుల మీద నీళ్లు చిలకరిస్తుంది. మొన్నటి ఎండలకు చుట్టూ తడి గోనెపట్టా కట్టింది. ఒకసారి భర్త చెన్నకేశవులు చెంబెడు నీళ్లు తెచ్చి నడిమధ్య గూట్లో పోస్తే, మొక్క కుళ్లి చస్తుందని రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మోకాళ్ల నొప్పులని శివరాత్రి నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లో పొద్దుటి నడక మానేసింది. అప్పట్నుంచీ కాలక్షేపమంతా మొక్కతోనే.

దేవేందర్ యూనివర్సిటీలో మొక్కల మీదే రీసెర్చ్ చేస్తున్నాడు. మనిషి నెమ్మదస్తుడే. కానీ మెట్లెక్కి వచ్చినప్పుడల్లా మొక్క దగ్గర ఆగుతాడు. వంగి ఆకుల అడుగుభాగం చూస్తాడు. ఫోన్‌తో ఫొటో తీస్తాడు. ఎక్కడ కొన్నారని ఒకరోజు అడిగాడు. మౌలాలి వైపు ఏదో నర్సరీలో అని చెప్పి ఆమె తలుపేసుకుంది.

నాలుగు రోజులకు మళ్లీ తలుపు తట్టాడు.

"మౌలాలిల నర్సరీలన్నీ తిరిగిన ఆంటీ. గీ రకం ఎక్కడ లేదన్నరు."

రాజేశ్వరి తలుపుకు గొళ్లెం పెట్టింది. ఆకు చూసి మౌలాలి దాకా పోయినవాడు, మొక్క కోసం ఎందాకైనా పోతాడు. ఆ మాటే భర్తతో అంటే, ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "చదువుకునే పిల్లోడు. ఊరికే అనుమానపడాకు" అన్నాడు.

ఊరికే కాదని బుధవారం తేలింది. ఆమె కూరగాయలకు వెళ్లి వచ్చేసరికి కుండీ జానెడు పక్కకు జరిగి ఉంది. గచ్చు మీద తడిమట్టి రాలి ఉంది. సరిగ్గా అప్పుడే దేవేందర్ తన ఫ్లాట్‌లోంచి బయటికొచ్చాడు. చొక్కా భుజం మీద గోధుమరంగు పొడి. ముదిరిన ఆకుల అడుగునుంచి రాలే పొడి అది. రోజూ తుడిచే మనిషికి తెలియదా?

"మా మొక్కను ముట్టుకుంటివా నాయనా?"

"లేదాంటీ" అంటూనే అతను భుజం దులుపుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ సాయంత్రమే మొక్కను హాల్లోకి మార్చింది. ఫ్యాను గాలికి వారం తిరక్కుండానే ఆకుల అంచులు మాడిపోయాయి. లోపల పెడితే చస్తుంది, బయట పెడితే పోతుంది. రాజేశ్వరికి తిండి సహించలేదు. మొక్కను చూస్తే ఏడుపొచ్చేది.

ఆదివారం పొద్దున బెల్లు మోగింది. ఎదురుగా దేవేందర్, చేతిలో చిన్న కాగితం కవరు. చెన్నకేశవులు లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. ఇక మర్యాద తప్పదు. రాజేశ్వరి వంటింటి కిటికీలోని కుండీలోంచి నాలుగు పుదీనా ఆకులు గిల్లి, మజ్జిగలో వేసి తెచ్చిచ్చింది.

అతను మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు. వాళ్ల డిపార్ట్‌మెంటులో గ్రీన్‌నెట్ పందిరి కింద అచ్చం ఇలాంటి మొక్కే ఉండేదట. అతని మూడేళ్ల పరిశోధనంతా దాని మీదేనట. ఫిబ్రవరిలో ఎవరో కుండీతో సహా ఎత్తుకుపోయారు. కుర్చీలకు, బల్లలకు రాసినట్టే అక్కడ కుండీల అడుగున కూడా తెల్లరంగుతో నంబరు రాస్తారు. దాని నంబరు నలభై ఏడు.

"మీ మీద డౌటొచ్చింది ఆంటీ. మొన్న బుధవారం మీ కుండీ ఒంచి చూసిన. నంబర్ లేదు. మీ అసుంటోళ్లను అనుమానించిన, తప్పయింది. మాఫ్ చేయిండ్రి."

ఆకుల అడుగు పొడే ఫెర్న్‌కు విత్తనమని, అది చిటికెడు ఇస్తే మళ్లీ మొలిపించుకుంటానని, లేకపోతే మూడేళ్లూ గంగలో కలిసినట్టేనని కవరు ముందుకు చాపాడు.

రాజేశ్వరి తన చేత్తోనే ఆకుల అడుగు గీరి, కవరు నిండా పొడి రాల్చి ఇచ్చింది.

"ఏం కాదులే నాయనా. పోగొట్టుకున్నోడికి అందరి మీదా అనుమానం ఉంటాది" అని ఓదార్చింది కూడా.

దేవేందర్ కళ్లు తుడుచుకుని లేచాడు. భార్య మంచితనానికి చెన్నకేశవులు పొంగిపోతూ, అతన్ని సాగనంపడానికి వరండాలోకి వెళ్లాడు.

రాజేశ్వరి వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి, కిటికీలోని పుదీనా కుండీని పక్కకు ఒరిగించి, అడుగున తెల్లగా మెరుస్తున్న నలభై ఏడును అట్లకాడతో గీకసాగింది.