ఏడుపుగొట్టు కాలు

"బూట్లు విప్పండి, పెద్దాయనా," అంది డాక్టర్ దామిరా.

"నేనెందుకు విప్పాలి? జబ్బు నాది కాదు, ఈ ఏడుపుగొట్టు వెధవది," అన్నాడు కాసిమాలీ, రోగి కూర్చోవలసిన కుర్చీలో దర్జాగా కూర్చుని.

పెద్దవాడు నిలబడి ఉండగా చిన్నవాడు కూర్చోకూడదు. పెద్దవాడు కూర్చున్నాక మిగిలిన కుర్చీ లేదు. అందుకని అసలు రోగి, తమ్ముడు తాలాయ్, కుంటికాలితో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని కళ్ళింకా తలుపు వైపే ఉన్నాయి. వాళ్ళ కంటే ముందు కట్టు మార్పించుకున్న మనిషి చక్రాల కుర్చీలో ఇప్పుడే బయటికి వెళ్ళాడు. ఒళ్ళో కప్పిన దుప్పటి ఒకపక్క బోసిగా వేలాడుతోంది.

"ఎక్కడ నొప్పి?" తాలాయ్‌ని అడిగింది డాక్టరు.

"బొటనవేలి కింద," అన్నాడు అన్న.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల నుంచి," అన్నాడు అన్న.

"కాలు అతనిదా, మీదా?"

"కాలు వాడిదే. మాట నాది. నేనుండగా వాడేం మాట్లాడతాడు?"

డాక్టరు ముక్కు చిట్లించింది. "ఏదో వాసన వస్తోంది."

"గొర్రెల వాసన తల్లీ. వారం నుంచీ ఉన్ని కత్తిరిస్తున్నాం. బూట్లు విప్పేందుకైనా తీరిక లేదు. బూట్లతోనే పడక, బూట్లతోనే లేవడం."

"ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా?"

తాలాయ్ అప్పుడు నోరు విప్పాడు. "మా అమ్మకి ఉండేది. ముందు వేలు తీశారు. తర్వాత పాదం. తర్వాత మోకాలి దాకా. తర్వాత మనిషే పోయింది. ఇప్పుడు నాకు."

"మీకు, పెద్దాయనా?"

"నాకు చక్కెరా? టీలో కూడా వేసుకోను!"

డాక్టరు చూపించిన బల్ల మీద కూర్చుని తాలాయ్ కాలికి చుట్టిన గుడ్డ విప్పాడు. పుండు ఎర్రగా ఉడికి ఉంది. దాన్ని తనే చూడలేక కిటికీలోంచి కొండల మీది మంచును చూస్తూ అడిగాడు.

"కోసేస్తారు కదా డాక్టరమ్మా? దాచకండి. వచ్చే వారం మందని కొండమీది పచ్చికబయళ్ళకి తోలాలి. గొర్రెకి కాలు విరిగితే కోసుకు తింటాం. ఒంటికాలి కాపరిని ఏం చేసుకుంటారు?"

"ఇదిగో, దారి పొడుగునా ఇదే పాట," అన్నాడు కాసిమాలీ. "కాలంటే నాదిరా, ఇనుము! మొన్న బూటు మడమ ఊడిపోతే నేనే మేకులు దిగ్గొట్టుకున్నాను, తొడుక్కున్నాను, తిరుగుతున్నాను. ఒక్కసారైనా మూలిగానా?"

డాక్టరు సూది తీసి తాలాయ్ అరికాలి మీద అక్కడక్కడా మెల్లిగా పొడవసాగింది. మడమ దగ్గర ఉలిక్కిపడ్డాడు. వేళ్ళ దగ్గర "అమ్మో!" అని గది అదిరేలా అరిచాడు. నడవాలో కూర్చున్నవాళ్ళు తొంగిచూశారు.

"పరువు తీశావు కదరా!" అని కాసిమాలీ టోపీ నెత్తిన పెట్టుకుని, తలుపు దఢాలున వేసి బయటికి వెళ్ళిపోయాడు.

తాలాయ్ కళ్ళు మూసుకున్నాడు. "చెప్పండి. ఎక్కడిదాకా?"

"ఎక్కడిదాకానూ లేదు," అంది డాక్టరు. "మందు రాసి కట్టు కడతాను. రోజూ మార్పించుకో. గట్టిగా అరిచావుగా, నీ కాలు బతికే ఉంది. షుగర్‌లో చచ్చిన కాలు అరవదు. నేను కోయించిన కాళ్ళలో ఒక్కటి కూడా 'అమ్మో' అనలేదు నాయనా. నొప్పి ఉన్నన్నాళ్ళూ నీకు భయం లేదు. అది లేకపోతేనే పరిగెత్తుకు రా."

తాలాయ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాడు.

బయటికి రాగానే పక్కగది తలుపు తీసి ఉంది. ఉన్నికంబళి మీద గుడ్డ పరిచి నర్సు రొట్టె తుంచుతోంది. అదేమో డాక్టరు మధ్యాహ్నపు భోజనం. అయితేనేం, రొట్టె కంటబడ్డాక ఒక్క ముక్కయినా రుచి చూడకుండా గడప దాటిపోతే ఆ రొట్టెకే అవమానం.

"రండి, ఒక్క ముక్క తిని వెళ్ళండి," అంది వెనకాలే వచ్చిన డాక్టరు.

"అన్నా, కాలు తియ్యరట!" అన్నాడు తాలాయ్, నడవాలో నిలబడ్డ అన్నతో.

"తియ్యరని నేను ముందే అనలేదూ?" అని కసిరాడు కాసిమాలీ. కసిరి, టోపీ అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. రాత్రంతా నిద్ర పట్టనిది తమ్ముడొక్కడికే కాదు మరి.

బూట్లతో కంబళి తొక్కే మొరటువాడు కాదు కాసిమాలీ. గడపలో చతికిలబడి కాళ్ళు చాపాడు. అన్న బూట్లు లాగడం తమ్ముడి పని. కట్టుకాలు పక్కకు పెట్టుకుని తాలాయ్ సంతోషంగా మోకాలి మీద వంగాడు. ఎడమ బూటు సులువుగా వచ్చింది. కుడిది రాలేదు. రెండు చేతులతో పట్టి లాగితే తడిగా ఊడి వచ్చింది.

గదంతా వాసన నిండిపోయింది. అది గొర్రెల వాసన కాదు. మేజోడు మడమ దగ్గర నల్లగా మాంసానికి అంటుకుపోయింది. తాలాయ్ బూటులోకి చెయ్యి పెట్టాడు. మడమలోంచి పైకి పొడుచుకు వచ్చిన మేకు, సగం వేలంత పొడవు, అతని వేలికి గుచ్చుకుంది. అతను డాక్టరు వైపు చూశాడు. డాక్టరు ఆ మడమ మీంచి చూపు తిప్పలేదు. నర్సు చేతిలోని రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

కాసిమాలీ చెయ్యి చాచి ఆ ముక్క తనే తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"ఏంట్రా అలా గుడ్లప్పగించి చూస్తావు? నాది నీలాగా ఏడుపుగొట్టు కాలనుకున్నావా? రవ్వంత నొప్పి కూడా లేదు!"