సూదిలో దారం

ఆరు నెలల కిందట బొంతలు కుట్టడం మానేసిన అమ్మ, మిషన్ ఉంటే మళ్లీ మొదలుపెడతానంది. దుకాణానికి వెళ్లాం. చౌక మిషన్ సూది కింద బొంత మందం పట్టలేదు. ఖరీదైనదాని హంగులు మాకు అక్కరలేదు. మధ్య ధరలో ఉన్నదాని వివరాలన్నీ అమ్మకు చదివి వినిపించాను.

అమ్మ ఒకటే అడిగింది. “సూదిలో దారం దానంతటదే ఎక్కుతుందా?”

“ఈ మీట నొక్కితే చాలమ్మా,” అన్నాడు దుకాణదారు.

“ముప్పై ఏళ్లు చేత్తో కుట్టి, ఇప్పుడెందుకమ్మా ఈ సోకు?” అని నవ్వాను.

“కూతురు సంపాదిస్తుంటే ఆ మాత్రం సోకు చెయ్యకూడదేమిటే?”

ఇంటి నుంచి తెచ్చిన బొంత ముక్కను సూది కింద పెట్టి, అమ్మ పెడల్ తొక్కింది. మొదటి పోటుకే దారం సూదిలోంచి ఊడిపోయింది. ఆపుతుందనుకున్నాను. అమ్మ తల వంచుకుని, ఎంతో శ్రద్ధగా చివరిదాకా కుట్టి, ముక్కను నా చేతిలో పెట్టింది.

“కుట్టు తిన్నగా పడిందా? చదువుకున్నదానివి, నువ్వే చెప్పు.”

గుడ్డ మీద సూది పోట్లు తప్ప ఏమీ లేవు.

బస్సు బోర్డయినా, మందు సీసా మీది చీటీ అయినా, ఈ మాటే అని నాతో చదివించేది. అమ్మకు చదువు రాదు కదా అని నేనూ గర్వంగా చదివిపెట్టేదాన్ని. కళ్లు కనబడుతున్నాయా అని ఒక్కసారి కూడా అడగలేదు.

“తిన్నగానే పడిందమ్మా,” అన్నాను.

“అయితే ఇదే తీసుకుందాం. రేపే మొదలుపెట్టేస్తాను,” అంది అమ్మ.